రజినక్క లాప్‌టాప్‌లో మేక

రజినక్క లాప్‌టాప్‌లో మేకను పెట్టింది నేనే. ఇంకెవరినీ అనుమానించక్కర్లేదు.

అక్కది ఉదయగిరి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఇంట్లో తాతల నాటి నుంచీ మేకలే. చిన్నప్పుడు తనూ కొండ కింద మేకలు తోలింది. తర్వాత ఆత్మకూరులో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర లైటు పట్టుకోవడానికి చేరింది. లైటు పట్టుకుంటూనే ఎడిటర్ వేళ్లు ఏ మీట మీద పడుతున్నాయో చూసి పనంతా నేర్చేసుకుంది. మండపంలో మొహం మాడ్చుకుని కూర్చున్న పెళ్లికూతుళ్లు కూడా అక్క వీడియోలో నవ్వుతారు. పెదవి కాస్త కదిలిన ముక్క ఎక్కడో ఉంటుంది. అది దొరికేదాకా వదలదు.

నేను హర్షని. ఆత్మకూరు బస్టాండు పక్కన లాప్‌టాప్‌లు బాగుచేస్తాను. గురువు లేడు. యూట్యూబ్ చూసి, మా మామ కంప్యూటర్ చెడగొట్టి నేర్చుకున్న విద్య. అక్క సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ నా దగ్గరే కొంది. ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా చేసే పని పెడితే చాలు, దాని ఒళ్లు పెనంలా కాలుతుంది. దానికి తోడు ఆమె గదికి రేకుల కప్పు. అందుకే నాలుగు మూలలా గ్లాసులు బోర్లించి వాటి మీద లాప్‌టాప్ పెడుతుంది, కిటికీకి తడి గోతం కడుతుంది, "ఆయాసపడబాకే తల్లీ, ఇంక కొంచెమే" అని బతిమాలుతుంది.

అందులో నేనొక చిన్న ప్రోగ్రాం పెట్టిచ్చాను. వేడి హద్దు దాటితే సైరన్ మోగుతుంది. అక్క ఇంట్లో ఏ మూలనున్నా పరిగెత్తుకొచ్చి పని ఆపి, చల్లారాక మళ్లీ నడిపిస్తుంది.

పోయిన నెల లాప్‌టాప్ ఫ్యాన్‌లో దుమ్ము తీయమని తెచ్చింది. తీశాను. అక్కడితో ఆగుంటే బాగుండేది. సైరన్ తీసేసి మేక అరుపు పెట్టాను. వాళ్లమ్మ కామమ్మ పెంచే మేకదే, ఎప్పుడో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఫోన్‌లో ఎక్కించుకున్నది. అక్క బల్ల కింద దూరి మేకను వెతుక్కుంటున్నట్టు ఊహించుకుని ఒక్కడినే పడీపడీ నవ్వాను. తిట్టడానికి ఫోన్ చేస్తుందని ఎదురుచూశాను.

మర్నాడే ఫోనైతే వచ్చింది. తిట్టలేదు.

"ఒరే హర్షా, లాప్‌టాప్ ఆగిపోయిందిరా. ఆన్ చేస్తే ఫైలు తెరుచుకోలా. సాయంత్రం సురేంద్రబాబు కొడుకు రిసెప్షన్‌లో వెయ్యాల్సిన వీడియో అది!"

సురేంద్రబాబు కొండాపురం వైపు పెద్ద రైతు. అలాంటి ఇళ్లవాళ్లు వీడియో పనులు నెల్లూరు వాళ్లకే ఇస్తారు. మొదటిసారి రజినక్కకు ఇచ్చారు. పెద్ద తెర మీద అందరూ చూసి మెచ్చుకుంటే ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ తనకే వస్తాయని అక్క ఆశ.

బండేసుకుని ఉదయగిరి పోయాను.

"దీని సైరన్‌కి ఏమొచ్చిందిరా?" అంది అక్క. "నేను దొడ్లోనే ఉండా. మేక ఈనతా ఉంటే అమ్మకు సాయం పట్టినా. మేకలు అరస్తా ఉండాయిగానీ సైరన్ మాత్రం వినపళ్లా."

మేకలున్న ఇంట్లో మేక అరుపు ఎవరు పట్టించుకుంటారు? పాపం, లాప్‌టాప్ అరిచీ అరిచీ, ఎవరూ రాక, వేడికి తనే ఆరిపోయింది. పోతూ పోతూ ఫైలునీ పాడుచేసింది.

చెప్పేశాను. కామమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మేకల్ని దొంగతనం చేసేవాళ్లను చూసినా గానీ, మేక గొంతు దొంగతనం చేసినోడిని నిన్నే చూస్తా ఉండా" అంది.

అక్క నవ్వలేదు. "మాటలు తర్వాత. గోతం తడిపి పట్రా."

దాచుకున్న పాత కాపీలో మంగళస్నానాల దాకానే ఉంది. మిగతాదంతా మళ్లీ కోయాలి, అతకాలి. టేబుల్ ఫ్యాను గాలి లాప్‌టాప్ అడుగుకు తగిలేలా పట్టుకుని కూర్చున్నాను. ఒక ఘట్టం కలపడం, చల్లారనివ్వడం, మళ్లీ ఇంకోటి. చల్లారేంతసేపూ అక్క కళ్లు గోడ గడియారం మీద, నా కళ్లు నేల మీద. నన్ను నాలుగు తిట్టుంటే ప్రాణం కుదుటపడేది.

ఇద్దరం ఆత్మకూరు ఫంక్షన్ హాలుకు చేరేసరికి భోజనాలు నడుస్తున్నాయి. తెర మీద వీడియో మొదలైంది. తలంబ్రాలప్పుడు పెళ్లికూతురు వాళ్ల అవ్వ బోసినోటితో నవ్విన చోట హాలంతా ఈలలు. ఆ వెంటనే తెర నల్లబడింది. అప్పగింతలు లేవు. మాకు అయింది అంతవరకే.

సురేంద్రబాబు వచ్చాడు. "మిగతాది ఏదమ్మా?"

"రేపు ఇంటికి తెచ్చిస్తా సార్."

"రేపు ఎవురు చూస్తారు? చుట్టాలంతా ఈపొద్దే గదా ఉండేది!" అనేసి వెళ్లిపోయాడు.

వెనక బల్ల దగ్గర ఎవరో అందుకున్నారు. "మేకలు తోలేవాళ్లకిస్తే ఇట్టనే ఉంటాది. నెల్లూరోళ్లకు ఇచ్చుంటే పోయేది."

అక్క వైర్లు చుట్టుకుంటోంది. నేను ఆగలేకపోయాను.

"ఉండక్కా. తప్పంతా నాదని ఆయనకు చెప్పొస్తా. నీకెందుకు మాట?"

అక్క నా చొక్కా పట్టి కుర్చీలోకి లాగింది.

"చెప్పు, పో! నువ్వు చెప్తే నీ కడుపులో బరువు దిగతాది. వాళ్ల పెళ్లి వీడియో తీసకపోయి నీలాంటోడి చేతిలో పెట్టినానని ఊరంతా తెలస్తాది. ఆపైన నాకు పని ఎవురిస్తార్రా? నీ పాపం నువ్వే మొయ్యి. నా నెత్తిన దించబాక."