పాట అందించే పెదనాన్న

మా చిన్నప్పుడు... ఆదివారం గుడిలో (చర్చిని మేం గుడనే అంటాం) ప్రతి పాటా రెండుసార్లు వినిపించేది. ముందు మా పెదనాన్న ఒక్కడే ఒక లైను పాడేవాడు. చాపల మీద కూర్చున్న జనమంతా అదే లైను అందుకునేవాళ్ళు. మళ్ళీ ఆయన... మళ్ళీ జనం.

చిలకలూరిపేట దగ్గర మా పల్లెలో అప్పట్లో చదువొచ్చినవాళ్ళు తక్కువ. గుడికి ఉన్న పాటల పుస్తకాలు రెండే. అందుకే ఆ పద్ధతి. దాన్ని 'పాట అందించడం' అనేవాళ్ళు. పెదనాన్నకీ చదువు రాదు. పాటలన్నీ వాళ్ళ నాన్న దగ్గర విని నేర్చుకున్నాడు.

వారమంతా ఆయనది మిరప కల్లాల్లో కాయల్ని గోతాల్లోకి తొక్కే పని. ఆ ఘాటుకి గొంతు పట్టేసేది. శనివారం సాయంత్రం నుంచి బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని మాటలు మానేసేవాడు.

ఒకసారి పాట మధ్యలో దగ్గొచ్చింది. మూడో చరణం వదిలేసి నాలుగోది ఎత్తుకున్నాడు. జనం కూడా అదే అందుకున్నారు. పుస్తకం చూస్తున్నదాన్ని నేనొక్కదాన్నే.

"మూడో చరణం ఎగ్గొట్టావు పెదనాన్నా!"

"నువ్వు తప్ప ఎవరు పట్టుకున్నారే, పోలీసమ్మా!" అని నవ్వాడు.

నేను ఎనిమిదో తరగతికొచ్చేసరికి ఆ దగ్గు ఇక వదలకుండా పట్టుకుంది. ఒకరోజు నన్ను పిలిచాడు.

"ఏమే, ఇట్రా. రోజుకో పాట నేర్పుతా. నా తర్వాత నువ్వందించాలి."

"పుస్తకం ఉందిగా పెదనాన్నా... చూసి పాడతాలే."

"పుస్తకంలో రాగం ఉంటదటే?"

నాకు లెక్కల హోంవర్కు ఉంది. వెళ్ళిపోయాను. ఆ తర్వాత రెండు మూడుసార్లు అడిగాడు... ఆపైన అడగలేదు.

నేను ఇంటర్లో ఉండగా చనిపోయాడు. చావులప్పుడు మాత్రమే పాడే పాట ఒకటుండేది. తన సమాధి దగ్గర అది పాడమని పెద్దమ్మతో చెప్పాడట. పెద్దమ్మ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చదువుకున్నదానివి. అందించు తల్లీ."

మొదటి లైను గట్టిగా చదివాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. జనం నా మొహం వంకే చూస్తూ నిలబడ్డారు... రాగం కోసం.

"ఆయన ఎత్తుకుంటే వెనకాల వచ్చేదమ్మా. మొదలు మాకు రాదు," అంది ఒక ముసలామె.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. మట్టి వేశారు. పాట లేకుండానే అయిపోయింది.

దారిలో పెద్దమ్మ ఒకే మాటంది... "ఊళ్ళో అందరి చావుకీ పాడాడు గదే."

ఈమధ్య ఆఫీసులో ఒక ఇంగ్లీషు కథనం తెలుగు చేస్తుంటే 'ప్రిసెంటర్' అనే మాట తగిలింది. నిఘంటువు తీశాను. గుడిలో ముందు తాను పాడి జనం చేత పాడించేవాడు అని ఉంది. మూలం లాటిన్. 'ప్రే' అంటే ముందు, 'కానెరే' అంటే పాడటం. పుస్తకాలు తక్కువగా ఉన్న రోజుల్లో స్కాట్లాండ్ గుళ్ళలోనూ ఇలాగే లైను లైనూ అందించేవాళ్ళట. పెదనాన్న పనికి ఒక పేరుందని నాకిన్నేళ్ళకి తెలిసింది... ఆయనకి తెలియనేలేదు.

ఇప్పుడు మా గుడిలో పాటలు తెర మీద పడతాయి. అందరూ చూసి పాడతారు. ఆ చావు పాట పుస్తకంలో ఇంకా ఉంది... దాని రాగం మాత్రం ఊళ్ళో ఎవరికీ రాదు.

మీ ఊళ్ళో పాట అందించేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే ముందు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి... ఇక్కడ కామెంట్లు తర్వాత రాద్దురుగాని.