సోమవారం రొట్టె

మా ఎదురింటావిడ కన్నుమూశారు. కార్తీకం చివరి వారంలో ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనమయ్యాక కాసేపు నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. సాయంత్రం నాలుగింటికి వారి పెద్దకూతురు మా తలుపు తట్టి, "ఆంటీ, అమ్మ పోయింది" అని మాత్రం చెప్పి గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను వెళ్ళేసరికి ఆవిడ చుట్టూ చెల్లెళ్ళు, కూతుళ్ళు, పాత స్నేహితురాళ్ళు అందరూ ఉన్నారు. ఎవరికీ కబురు పెట్టవలసిన అవసరం రాలేదు. చలికాలపు ఆదివారం కాబట్టి అంతా అక్కడే ఉన్నారు.

పోయినవారి గురించి రాసేటప్పుడు ముందుగా దుఃఖం రాయడం మర్యాద. నేను ముప్పైమూడేళ్ళు ఆడపిల్లల కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. పుస్తకంలో ఉన్న బొమ్మ చూసి గీయవద్దు, కంటికి కనిపించిందే గీయండి అని పిల్లల రికార్డులు వెనక్కి తిప్పి పంపినదాన్ని. అందుచేత ఉన్నదే రాస్తాను. ఆ గదిలో నిలబడినప్పుడు నాకు మొదట కలిగింది అసూయ. ఇంతమంది మధ్యన, కడుపునిండా తిని, ఎవరి మాటలో వింటూ నిద్రలో వెళ్ళిపోవడం ఎందరికి దొరుకుతుంది? దుఃఖం ఆ తరువాత వచ్చింది. వచ్చాక పోలేదు.

మేముండేది బన్సీలాల్‌పేట్ మెట్లబావికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పాత అపార్టుమెంటు. మూడో అంతస్తులో రెండే వాటాలు, మధ్యన నాలుగడుగుల నడవ. మాది విజయనగరం. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పెళ్ళి వద్దనుకున్నాను, ఆ సంగతి ఎవరి అనుమతీ అడగలేదు. ఈనాటికీ నా గ్యాసు బండ నేనే మార్చుకుంటాను. ఎదురింటావిడది పాలమూరు వైపు. రైల్వేలో పనిచేసిన భర్త పోయాక క్వార్టరు ఖాళీ చేసి మా ఎదుటి వాటాలోకి వచ్చారు. ఏడో తరగతి చదివారు. మొదటిరోజే నన్ను 'టీచరమ్మా' అని పిలిచారు.

"టీచర్ని కాదండీ, లెక్చరర్ని" అన్నాను.

"రెండూ చెప్పుడే గద టీచరమ్మా" అన్నారు. ఆ పిలుపు చివరిదాకా మారలేదు.

దసరా దాటి గాలి మారిందంటే వారింట ఆదివారాలు మొదలయ్యేవి. శివరాత్రి దాకా ఆగేవి కావు. పది గంటలకల్లా లిఫ్టు తలుపు చప్పుడయ్యేది. కూతుళ్ళు, అల్లుళ్ళు, చెల్లెళ్ళు వచ్చేవారు. క్వార్టర్ల నాటి స్నేహితురాలు ఒకావిడ, డెబ్భై దాటినామె, బొల్లారం నుంచి రైల్లో ఒంటరిగా వచ్చేది. ఎండాకాలంలో మాత్రం ఎవరినీ రమ్మనేవారు కారు. "ఎండకాలం ఎవలింట్ల వాల్లుండాలె. సలికాలం ఒకల మీద ఒకలు పడి కూసోవాలె" అనేవారు. అలాగే కూర్చునేవారు కూడా. తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి నాకు అంతా కనిపించేది. వేయించిన నువ్వుల వాసన మా ముందుగదిలోకి వచ్చి, అడగకుండా కూర్చునేది.

నా ఆదివారం వేరు. పేపరు, ఫిల్టరు కాఫీ, ఉతికి ఆరేసిన తెల్లచీర. ఆ నిశ్శబ్దం నేను ఏరి కోరి తెచ్చుకున్నదే. కాని నడవ అవతల పదిమంది ఒక్కసారిగా నవ్వితే, కోరుకున్న నిశ్శబ్దం కాస్తా ఎవరో నాకు వదిలేసిపోయినదానిలా ఉండేది.

ఒకసారి మా అన్నయ్య కూతురు నన్ను చూడడానికి వస్తానని ఫోను చేసింది. కొబ్బరి లౌజు చేసి, పదకొండు నుంచి కూర్చున్నాను. ఒంటిగంట అయింది. మెట్లమీద ఏమైనా అయిందేమోనని తలుపు తీస్తే, మా పిల్ల ఎదురింట్లో నేలమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"అత్తా, ఇప్పుడే వద్దామనుకుంటున్నాను. ఆవిడ లోపలికి రమ్మన్నారు" అంది లేస్తూ.

"నువ్వు ఎవరింటికి వచ్చావో గుర్తుందా?" అన్నాను.

"గుర్తుంది అత్తా. ఎంత బాగా మాట్లాడతారో ఆవిడ!"

మా ఇంట్లో ఆ పిల్ల ఇరవై నిమిషాలు కూర్చుంది. లౌజు ఒక్కటి తిని, కడుపు నిండిపోయిందంది. ఆ వారమంతా నేను ఎదురింటివైపు చూడలేదు.

నేనెందుకు వెళ్ళలేదని పాఠకులు అడగవచ్చు. వెళ్ళాను, ఒక్కసారి. వారు వచ్చిన మొదటి చలికాలంలో ఒక శనివారం నేను చేతిసంచితో బయలుదేరుతుంటే ఆవిడ నడవలో ఎదురయ్యారు. "మోండాకు పోతున్నరా టీచరమ్మా? జెర అనపకాయ తెస్తరా? రేపు మావోల్లందరు వస్తున్నరు" అన్నారు. మా విజయనగరంలో ఆనపకాయ అంటే సొరకాయ. మోండా మార్కెట్టంతా తిరిగి, గోరుగుచ్చి చూసి, చేతికర్రంత పొడవున్న లేత కాయ ఒకటి ఎంచాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మర్నాడు మంచి చీర కట్టుకుని, ఆ కాయ పట్టుకుని వారింట్లోకి నడిచాను.

అక్కడ అందరూ పళ్ళాలు ముందు పెట్టుకుని, ఒలవడానికి కాయల కోసం ఎదురుచూస్తున్నారు. పాలమూరులో అనపకాయ అంటే చిక్కుడులాంటి కాయ, చలికాలంలో వచ్చేది. పెద్దకూతురు నా చేతిలోది చూసి, "అమ్మా, అనపకాయ అంటె ఆంటీ సొరకాయ పట్టుకొచ్చింది" అంది. గది గదంతా నవ్వింది. అందులో చెడుతనమేమీ లేదని ఇప్పుడు తెలుసు. ఆనాడు మాత్రం, చిక్కుడు కుటుంబం మీద ఏటా ఎనిమిది పాఠాలు చెప్పిన నేను, కూరగాయ పేరు తెలియనిదాన్నై ఏడో తరగతి చదివినావిడ ఇంట్లో నిలబడ్డాను. ఆవిడ మాత్రం లేచి వచ్చి ఆ కాయను రెండు చేతులతో అందుకున్నారు. "మంచిగ లేతగున్నది" అన్నారు. నాకు పనుందని చెప్పి వచ్చేశాను.

ఆ తరువాత పిలుపు కోసం చూశాను. మా వైపు భోజనానికి పిలవడమంటే గుమ్మంలోకి వచ్చి, పూట చెప్పి, తప్పకుండా రావాలని అడగడం. పిలవని పేరంటానికి వెళ్ళడం నాకు చేతకాదు. ఆవిడ మరుసటి ఆదివారం పొద్దున్నే గుమ్మంలోకి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

"టీచరమ్మా, మీ సర్వ జెర ఇస్తరా? ఒకటి తక్వ పడ్తున్నది."

సర్వ అంటే లోతైన దళసరి గిన్నె. మేము తపేలా అంటాం. వారి రొట్టె పెనం మీద కాదు, ఆ గిన్నెలోనే చేస్తారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిరప కలిపి, గిన్నె లోపలి గోడలకు చేత్తో పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి కాలుస్తారు. ఒకటి తీశాక గిన్నె చల్లారనిదే రెండోది అద్దడం కుదరదు. అందుకని ఒకటి పొయ్యిమీద ఉంటే ఒకటి చల్లారుతూ ఉండాలి. చెల్లెళ్ళు ఎప్పుడైనా మాటామాటా అనుకుంటే ఆవిడ అదే సామెతగా అనేవారు: "కాలిన సర్వల సెయ్యి పెట్టకు. జెర సల్లారనియ్యి."

గిన్నె ఇచ్చాను. అలా ప్రతి చలికాలం, ప్రతి ఆదివారం ఇస్తూనే వచ్చాను. గిన్నె కావాలి గాని గిన్నెగలామె అక్కరలేదా అని మనసులో అనుకోని వారం లేదు. నా గిన్నె మీద కూడా అసూయపడ్డాను. అది పదకొండేళ్ళుగా ఆ సందడిలోకి వెళ్ళివస్తోంది, నేను వెళ్ళలేదు.

సోమవారం పొద్దున గిన్నె తిరిగి వచ్చేది, తళతళ తోమి, లోపల ఒక రొట్టె పెట్టి. ఎప్పుడూ ఒకటే రకం, సొరకాయ తురుము కలిపినది. నిన్నంతా వేడివేడిగా వాళ్ళు తిన్నాక, నాకు చల్లారింది. అదీ సొరకాయది. నా తప్పును వారం వారం ఇలా గుర్తుచేస్తున్నారని అనుకున్నాను. తినకుండా మాత్రం ఏనాడూ ఉండలేదు. అంత రుచి. అందుకూ కోపమే వచ్చేది.

"థాంక్సండీ" అనేదాన్ని.

ఆవిడ ముఖం కొంచెం చిన్నబోయేది. "ఇంట్ల థాంక్స్ ఏంది టీచరమ్మా."

ఒక సోమవారం రొట్టెతో పాటు ఉడకబెట్టిన అనపకాయలు తెచ్చి, నవ్వకుండా, "ఇగో, ఇవి" అన్నారు. నేను ఊరుకోలేక, ఇదీ చిక్కుడూ శాస్త్రం ప్రకారం ఒకే జాతి అని చెప్పాను.

"అట్లనా. మరి రుచి ఏరే ఎందుకున్నది?"

"పెరిగిన తీరును బట్టి."

"అయితె మనం గుడ గంతే. జాతి ఒక్కటే, పెరిగిన తీరు ఏరే" అని, నా చేతిలోంచే ఒక కాయ తీసుకుని ఒలుచుకుని తింటూ వెళ్ళిపోయారు. నా జీవితంలో నా పాఠాన్ని అంత తొందరగా అందుకున్న విద్యార్థిని మరొకరు లేరు.

పోయిన చలికాలంలో ఆవిడకు మోకాళ్ళు బాగా పట్టేశాయి. అయినా గోడ పట్టుకుని నడవ దాటి గిన్నె కోసం ఆవిడే వచ్చేవారు. "మీ అమ్మాయిని పంపవచ్చుగా" అన్నాను. "గిది నేనే అడగాలె" అన్నారు. మొండితనం అనుకున్నాను. మొండితనం నాకు కొత్త కాదు కాబట్టి గౌరవించాను.

ఆవిడ కన్నుమూసిన ఆదివారం కూడా నా గిన్నె అక్కడే ఉంది. ఆ సోమవారం రొట్టె రాలేదు.

దినాలు అయిపోయాక కూతుళ్ళు వంటింటి సామాను సర్దుతున్నారని తెలిసి, నా గిన్నె అడగడానికి వెళ్ళాను. నిజానికి గిన్నె ఒక సాకు. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఆ కూతుళ్ళనూ చెల్లెళ్ళనూ ఓదార్చారు. ఎదురింటి ఆంటీకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన సంబంధమూ లేదు. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ గిన్నె ఒక్కటే.

పెద్దకూతురు స్టూలెక్కి అటక మీది నుంచి సర్వలు దించుతోంది. ఒకదాంట్లో ఒకటి బోర్లించి, ఆరో ఏడో ఉన్నాయి.

"ఇన్ని ఉన్నాయా?" అన్నాను.

"క్వార్టర్ల ఉన్నప్పటి నుంచి ఉన్నయ్ ఆంటీ. అమ్మకు సర్వల పిచ్చి."

"మరి ప్రతివారం తక్కువ పడిందని నాదెందుకు అడిగేవారు?"

ఆ పిల్ల స్టూలు మీదనే ఆగి నన్ను చూసింది. "మీకు తెల్వదా? మా నాయనమ్మ వాల్లింట్ల గట్లనే. సుట్టాలనైతె పిలుస్తరు. ఇంటోల్లను పిలువరు, వాల్ల గిన్నె అడుగుతరు. గిన్నె ఇచ్చినోల్లు దాని ఎన్కనే వస్తరు గద."

ఆ పిల్ల ఇంకో సర్వ దించుతూ అంది:

"మీ గిన్నెల మొదటి రొట్టె ఏసేది. సొరకాయది, మీకు ఇష్టమని. మొట్టమొదలు మీరు తెచ్చింది గదే గద. ఎవ్వల్ని ముట్టనియ్యకపోయేది. పొద్దుగూకేదాంక తలుపు దిక్కు సూసి, మూతపెట్టి, తెల్లారి మీకే ఇచ్చేది. మేం అంటుంటిమి, ఆంటీ రాదమ్మా, గింత ఆశ ఎందుకని. 'సర్వ ఇస్తున్నదంటె వస్తది, జెర సల్లారనియ్యిండ్రి' అనేది."

నా గిన్నె తెచ్చి నా చేతికిచ్చింది. దాన్ని గట్టు మీద తిరిగి పెట్టేశాను. జీవితంలో ఎవరినీ ఏదీ అడగకుండా బతికానని నాకొక గర్వం. ఆ గర్వాన్నీ అక్కడే పెట్టి అడిగాను.

"నాది ఇక్కడే ఉండనీ. ఎల్లుండి ఆదివారం మీ అమ్మ సర్వ ఒకటి నాకు కావాలి. ఇస్తావా?"

ఆ పిల్ల స్టూలు దిగి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, వాటిలో అన్నిటికన్నా పెద్దది తీసి ఇచ్చింది. "ఎన్ని గంటలకు ఆంటీ?" అని అడగలేదు.

ఆదివారం పదింటికి లిఫ్టు చప్పుడైంది. కూతుళ్ళు వచ్చారు, చెల్లెళ్ళు వచ్చారు, బొల్లారం ఆవిడ వచ్చింది. నేను అద్దిన మొదటి రొట్టె గిన్నెకు అంటుకుని ముక్కలైంది. రెండోది మాడింది. "నువ్వులు ఎక్వైనయ్", "అమ్మ గింత మందం ఒత్తకపోయేది" అని ఒకరి తరువాత ఒకరు చెప్పారు. నా ఇంట్లో కూర్చుని, నా కాఫీ తాగుతూ, పొద్దు తిరిగేదాకా అందరూ ఆవిడ గురించే మాట్లాడారు. నాకు అసూయ పోలేదు. ఈ వయసులో ఇక పోదు. ఇంతమంది నోట ఇన్ని గంటలు ఉండడం నాకు ఏనాటికీ రాదని తెలుసు.

మా బాల్కనీలో చలికాలం ఎండ చాపంత మేర మాత్రమే పడుతుంది, పొద్దుతో పాటు గోడవైపు జరుగుతుంది. ఆడవాళ్ళందరూ ఆ కాస్త ఎండలో ఒకరి మీద ఒకరు పడి కూర్చుని, అది జరిగినప్పుడల్లా మాట ఆపకుండా తామూ జరుగుతున్నారు. నేను వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి చూస్తున్నాను. బొల్లారం ఆవిడ తలెత్తి, "జెర జరుగుండ్రి, టీచరమ్మ నిలవడ్డది" అంది. ఎవరో మోకాళ్ళు ముడుచుకున్నారు, ఎవరో కొంగు లాక్కున్నారు. గచ్చు మీద జానెడు ఎండ ఖాళీ అయింది. అది వెళ్ళిపోకముందే వెళ్ళి కూర్చున్నాను.