డెల్ఫినా కుర్చీ

ఇటలీలోని కాంతూ ఊళ్లో డిజైనర్లు గీసిన కుర్చీలకు మొదటి నమూనా చెక్కేది ఒరెస్తేనే. కళ్లు మూసుకుని, బొటనవేలితో చెక్కను తడుముతూ చెక్కుతాడు. భార్య డెల్ఫినా నడుము ఎడమకు వంకర. ఆ వంకరకు తగ్గట్టు ఆమె కోసం చేసిన కుర్చీ నచ్చి, ఓ డిజైనర్ కొలతలు పట్టుకుపోయాడు. ఆమె పోయి పదేళ్లయింది.

ఒక మధ్యాహ్నం, చైనా నుంచి వచ్చి స్థిరపడిన మేలాన్ కాఫీ కొట్లో అడుగుపెట్టి, ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. కొత్త ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురు ఆడవాళ్లు పేకాడుతున్నారు. నలుగురూ ఎడమకు ఒరిగి, అరచేతిలో చెంప ఆనించి, అచ్చం డెల్ఫినాలా కూర్చున్నారు. "ఏంటి బాబాయ్, అట్టా కొయ్యబారిపోయావ్? చైనాలో మా ఊరు ఫోషాన్ సరుకే. మా తమ్ముడి ఫ్యాక్టరీలో ఇట్టాంటివి మూడు లక్షల కుర్చీలు అచ్చుపోశారు," అంది మేలాన్. "ఎవరి నడుము కొలతమ్మా అది?" "ఎవరిదైతే ఏంటి, అందరికీ సరిపోతోందిగా!" "డెల్ఫినా," అన్నాడు ఒరెస్తే, తనకే వినబడనంత మెల్లగా. నలుగురూ ఒక్కసారే తల తిప్పి చూశారు.