మట్టి డబ్బాలో పడవ మేకు

తొంభైల నాటి మాట. మా దీవిలో మా ఇల్లు బాంబూఫ్లాట్‌లో, నేను పరిశోధన చేసే లాబ్ సముద్రపాయకు అవతలి ఒడ్డున డెలానీపూర్‌లో. పెరట్లో అమ్మ వేసిన అరటి మొదళ్ల దగ్గరి మట్టిని ప్లాస్టిక్ డబ్బాలో వారం రోజులు తడిగా ఉంచి, ఫెర్రీలో పట్టుకెళ్లేదాన్ని. మట్టిలోని సూక్ష్మజీవులు ఇనుమును పట్టుకోవడానికి ఒక పదార్థాన్ని వదులుతాయి. అది మా మట్టిలో ఉందని చూపించాలి. పరీక్ష చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది. మట్టి కలిపి వడకట్టిన నీటిని ఇనుము కలిసిన నీలం రంగులో వేస్తాం. ఆ పదార్థం ఉంటే ఇనుమును లాగేసుకుంటుంది, నీలం కాస్తా నారింజ అయిపోతుంది.

నాకు మాత్రం రెండుసార్లూ నీలం నీలంగానే ఉండిపోయింది.

"ఔర్ ఏక్ బార్ చూడు. అప్పుడూ రాకపోతే టాపిక్ మార్చేద్దాం," అంది మా మేడమ్. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మట్టిని వదులుకోవడం నా వల్ల కాదు.

డబ్బా కడుగుదామని ఇంట్లో పాత మట్టి బోర్లిస్తే ఠంగుమని ఏదో పడింది. తుప్పుపట్టిన పడవ మేకు, నాన్న పడవది.

"ఇదేటమ్మా?"

"నానే ఎట్టినాను. ఇంటి మట్టి సముద్రం దాటతంటే ఊరికే పంపేత్తామేటే? నజర్ తగిలిపోదా?"

దిష్టి తగలకుండా పసిపిల్ల ఊయల నుంచి చేపల బుట్ట దాకా మా వాళ్లు ఇనుప ముక్క పెట్టని చోటు లేదు. వారమంతా ఆ తుప్పు తిని కడుపు నిండిన పదార్థం, ఇక నా నీలం రంగు జోలికెందుకొస్తుంది? గుమ్మంలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను.

అమ్మకు నవ్వు రాలేదు. మేకు కొంగున ముడేసుకుని, మళ్లీ వారం తడిగా ఉంచిన కొత్త మట్టి డబ్బా మూతమీద కాటుక చుక్క పెట్టి, బోలెడు బెంగతో పంపింది.

లాబ్‌లో గాజు గొట్టం ముందు నుంచి కదిలితే ఒట్టు. నీలం మెల్లగా మసకబారింది. మధ్యాహ్నానికి గొట్టమంతా నారింజ రంగు. మేడమ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "టాపిక్ నీదే," అంది. ఆ రోజంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు.

సాయంత్రం మిగిలిన మట్టితో ఇంటికొచ్చి చెప్పాను. ఎవరెవరు చూశారని అమ్మ ఆరా తీసింది. లాబ్‌లో అందరూ వచ్చి మరీ చూశారన్నాను.

"అందరూనా?" అంటూ అమ్మ కొంగుముడి విప్పి మేకు నా చేతిలో పెట్టింది.

పరీక్ష అయిపోయింది కదా. ఈసారి నేనే దాన్ని మట్టిలో గుచ్చాను.