వాడలో గంట

ధర్మపురి దిగువన గోదావరి ఒడ్డునున్న ఆ ఊరికి తెల్లవారుతుండగా చేరాం. తుఫాను వాన ఇంకా తెరపివ్వలేదు. సెల్ టవర్లు పడిపోయాయి. నా దగ్గర ఒక వైర్‌లెస్ సెట్టు, కారు బ్యాటరీ, వెదురు గడకు కట్టిన ఏరియల్ ఉన్నాయి. సైన్యంలో సిగ్నల్స్ పని చేసి వచ్చిన వాణ్ణి. హుస్నాబాద్‌లో ఖాళీగా ఉంటే వాలంటీర్లు రమ్మన్నారు. సరిహద్దు కంటే ఇది తేలికనుకున్నాను. బుద్ధి తక్కువ.

బడిలో సహాయ కేంద్రం. వాగు అవతల వాడలో, ఒక మిద్దె మీద చేతి సెట్టుతో మా రెండో వాలంటీరు. మధ్యలో ఒకే పడవ.

"ఫౌజీ సాబ్, గీ డబ్బాతోని జర చాయ్ గూడ తెప్పియ్యరాదు?" అన్నాడు పడవతను. అందరం నవ్వాం. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు.

వాడలో మెథడిస్టు చర్చి గంట ఎడతెగకుండా మోగుతోంది. పొలాల్లో చిక్కినవాళ్లు వానలో దారి తప్పకుండా ఆ చప్పుడు పట్టుకుని రావాలని, చర్చిలోనే ఉండిపోయిన సైమన్ తాడు లాగి కొడుతున్నాడు. అతని భార్య మరియమ్మ నా సెట్టు పక్కనే కూర్చుంది. అవతలి వాలంటీరు మాట్లాడినప్పుడల్లా వెనక గంట వినిపించేది. ఆమె ముఖం తేటపడేది.

మధ్యాహ్నం వాగు పొంగింది. సెట్టులో వాలంటీరు గొంతు.

"చర్చికాడికి నీళ్లొచ్చినయ్. వానకు అటు ఏం కనబడుతలే. గీడ మిద్దె మీద పిల్లలున్నరు, గోడ పగులుతున్నది. పడవ ముందు ఎటు? ఓవర్."

నేను మరియమ్మ వైపు చూశాను.

"పిల్లలను తెండ్రి సార్. ఆయన గంట కొడుతుండు గదా. ఫికర్ లేదు."

పడవ వెళ్లి పిల్లలందరినీ తెచ్చింది.

అప్పటికి సెట్టులో వినిపించే గంట తీరు మారింది. ఒక దెబ్బ. చాలాసేపు ఆగి ఇంకో దెబ్బ. ఆ వాడలో ఎవరైనా చనిపోతేనే అలా కొడతారు. మరియమ్మ లేచి నిలబడింది.

"ఎవరు పోయిండ్రు? జర అడుగుండ్రి సార్."

అడిగాను. "ఎవరూ పోలే. మిద్దె మీద మిగిలినోళ్లు అందరున్నరు. ఓవర్."

"మరి ఎవరికోసం కొడుతుండు?"

"చేతులు గుంజుతున్నయేమో అవ్వా. అందుకే మెల్లగ కొడుతుండు," అన్నాను.

ఆమె నమ్మింది. నేనూ నమ్మాను.

మిద్దె మీది వాలంటీరును ఎక్కించుకుని పడవ చర్చికి వెళ్లింది. కాసేపటికి సెట్టు పలికింది. "సైమన్ లేడు. కొట్టుకొచ్చిన చెట్టుకొమ్మ గంట తాడుకు చిక్కింది. వాగు గుంజితే మోగుతున్నది. ఓవర్."

మనిషి ఎప్పుడు పోయాడో, కొమ్మ ఎప్పుడు చిక్కిందో ఎవరికీ తెలియదు. మేం మాత్రం గంట మోగుతోంది కాబట్టి బతికే ఉన్నాడనుకున్నాం. తర్వాత రేవులన్నీ వెతికాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. శవం కూడా దొరకలేదు.

పిల్లలను కాపాడానని హుస్నాబాద్‌లో నాకు శాలువా కప్పారు. దాన్ని ఇంతవరకు మడత విప్పలేదు. విప్పలేను.

ఆ రోజు చర్చి నుంచి ఆ కబురు విన్నాక నేను సెట్టు ఆపబోయాను. మరియమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బంద్ చెయ్యకుండ్రి సార్. జరసేపు విననియ్యుండ్రి." ఆ మాట వాలంటీరుకు చెప్పాను. అతను వానలో, పడవలో, మాట్లాడే బటన్ నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె స్పీకరుకు చెవి ఆనించింది. ఒక దెబ్బ. చాలాసేపు ఆగి ఇంకో దెబ్బ.