వాకిలికి కట్టిన పోగు

వేలూరులో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా బోర్డులు పెడుతున్న రోజులవి. మా పెద్దమ్మాయి అక్కడే ఒక కంప్యూటర్ సెంటర్లో ఆరు నెలలు నేర్చుకుంది. ఉద్యోగం ఇస్తారా అని అడిగితే యజమాని ఒక పని పెట్టాడు. మా ఊరు గుడియాత్తంలో నేతగాళ్ళ సంఘానికి వెబ్‌సైట్ కావాలట. మొదటి పేజీలో ఏముండాలో, అక్కడి నుంచి ఏ పేజీకి ఎలా పోవాలో కాగితం మీద గీసి, సంఘం పెద్దచేత సరే అనిపించుకుని వస్తే ఉద్యోగం. లేదంటే లేదు.

పిల్ల మూడు రోజులు కూర్చుని గీసింది. వాళ్ళ నాన్న మగ్గం గుంటలో నుంచే ఏ పని తర్వాత ఏ పనో చెప్పాడు. మొదట నూలు. దాని మీద నొక్కితే రంగు. ఆ తర్వాత నూలు చుట్టే కండెలు, పడుగు, మగ్గం. చిట్టచివర లుంగీ. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. పుట్టినప్పటి నుంచి మా కళ్ళ ముందు బట్ట ఆ వరసలోనే తయారవుతోంది మరి.

సంఘం పెద్ద మా వీధివాడే, మా ఆయనకు వరసకు మామ. మా ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని కాగితం ఒళ్ళో పరుచుకున్నాడు.

"లుంగీ యాడుండాది పాపా?"

"ఆరో పేజీలో తాతా."

"దుబాయిలో ఒకడు లుంగీ కొందామని దీన్ని తెరిచినాడనుకో. వాణ్ణి ముందు రంగుతొట్టిలో ముంచి, పడుగుకు కట్టి, ఆనక లుంగీ చూపిస్తావా? అంతలోకి వాడు ప్యాంటు కొనుక్కుని పోతాడు."

మా ఆయన లోపలి నుంచే, "నూలు లేకుండా లుంగీ యాణ్ణించి వస్తాది మామా?" అన్నాడు.

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. కొనేవాడికెందుకు నాయనా? శుక్రవారం మళ్ళా వస్తా, మార్చి పెట్టండి" అని లేచిపోయాడు.

పిల్ల అన్నం ముట్టలేదు. ఆ మధ్యాహ్నం కండెలు చుడుతూ ఆలోచించాను. మా ఇంటికి బేరగాళ్ళు వస్తే సరుకు చూపించేది నేనే. ఎప్పుడైనా వాళ్ళను నేరుగా మగ్గం దగ్గరికి తీసుకుపోయానా? తిన్నె మీద చాప వేసి, ఒక లుంగీ మడత విప్పి, "ఎవురికి నాయనా?" అంటాను. మగ్గం చూస్తామని వాళ్ళంతట వాళ్ళు అడిగితేనే లోపలికి రమ్మంటాను.

"ఆ కాగితాన్ని కత్తెరతో కోయి పాపా. ఒక్కో పేజీ ఒక్కో ముక్క" అన్నాను.

నాకు ఇంగ్లీషు అక్షరం రాదు. పిల్ల చదువుతుంటే నేను నేల మీద పేర్చాను. హోమ్ అన్న ముక్క మా వాకిలి. దాని పక్కనే లుంగీలు: పెద్దవాళ్ళవి, పిల్లలవి, పెళ్ళికి పెట్టేవి. కావాల్సింది అడిగే పేజీ కూడా వాకిట్లోనే. నూలు, రంగు, మగ్గం లోపలి గదిలో. ముక్కల్ని అదే వరసలో ఒక పెద్ద కాగితానికి అతికించి, ఏ ముక్క నుంచి ఏ ముక్కకు దారో తెలియడానికి కండెలో మిగిలిన నీలం పోగు తెంచి అంటించాం. చిక్కుపడితే రెండుసార్లు పీకేశాం.

"లోపలికి పోయినోడు బయటికెట్లా వస్తాడే?" అని అడిగాను.

పిల్ల కండె నుంచి ఇంకొంత పోగు తెంచింది. తర్వాత ప్రతి ముక్క నుంచీ వాకిలికి ఒక పోగు కట్టింది.

మా ఆయన వచ్చి చూశాడు. "నా మగ్గం యాడ పెట్టినారు?"

"ఇంట్లో యాడుండాదో ఆడనే. వంటింటి పక్కన" అన్నాను.

నవ్వాపుకుంటూ వెళ్ళి మళ్ళీ గుంటలో కూర్చున్నాడు.

శుక్రవారం సంఘం పెద్ద పోగు మీద వేలు పెట్టి నడిపించాడు. ఒక్క అడుగులో లుంగీ దొరికింది. అక్కడి నుంచి మగ్గానికి పోయి, మళ్ళీ వాకిట్లోకి వచ్చాడు. ఇంకోసారి పోయి వచ్చాడు.

"సరి. నేను ఒప్పుకున్నానని పోయి మీ ఓనరుకి చెప్పు."

సోమవారం పిల్ల ఆ కాగితాన్ని పోగులతో సహా చుట్టి వేలూరు బస్సెక్కింది. ఒకటో తేదీ నుంచి రమ్మన్నారని సాయంత్రం వచ్చి చెప్పింది.

కొన్ని నెలలకు నన్ను ఆ సెంటర్‌కు తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. తెర మీద మాటల కింద నీలం గీతలున్నాయి.

"ఏందివి?"

"నీ పోగులే అమ్మా. ఒకదాని మీద నొక్కు."

నొక్కాను. లుంగీ వచ్చింది. మా ఆయన నేసిన ఆకుపచ్చ గళ్ళది.