గోవిందప్ప కోసం దించిన కిటికీ

1994లో గుడియాత్తంలో, చిత్తూరు రోడ్డు పక్కన మా షెడ్డు ఉండేది. మాది లారీ బాడీలు కట్టే పని. అప్పట్లో లారీ కొంటే ఎక్కువగా ఛాసిస్ మాత్రమే వచ్చేది, అంటే ఇంజనూ చక్రాలూ ఉన్న ఇనుప చట్రం. దాని మీద క్యాబినూ, వెనక తొట్టీ కట్టివ్వడం మావంటివాళ్ళ వంతు. చెక్కపని నాది, రేకు పని కరీం భాయ్‌ది. ఒకే కప్పు కింద ఇద్దరం చాలా ఏళ్ళు పనిచేశాం.

అవి కొత్త కొత్త బండ్లు బజారులోకి దిగుతున్న రోజులు. చిన్న లారీలు కొన్ని బాడీతో సహా తయారై వస్తుండటంతో మాకు మధ్యమధ్యలో చేతినిండా పని ఉండేది కాదు. అలాంటి ఖాళీలో, ఏలగిరి కొండ మీద ఒక తోటవాళ్ళు పాత ట్రక్కు అమ్మేస్తున్నారని తెలిసి చూడటానికి వెళ్ళాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి అది. తోట యజమాని దాని వెనక చిన్న గది కట్టించుకుని, ఎక్కడికెళ్ళినా అందులోనే బస చేసేవాడట. అలాంటి బండిని క్యాంపర్ అంటారు. ఆయన పోయాక అందులో కోళ్ళు కాపురం పెట్టాయి.

ఆ గది చూసి నేను అక్కడే నిలబడిపోయాను. టేకు చట్రం, పైన అల్యూమినియం రేకు, మడిచి గోడకు చేర్చే బల్ల, ఇత్తడి గొళ్ళేలు. మూలకొకటి చొప్పున జాకీ కాళ్ళు. వాటిని తిప్పి నేలకు దించితే గది వాటి మీద నిలబడుతుంది. ట్రక్కును కింద నుంచి తీసుకుని వెళ్ళిపోవచ్చు.

కొని తెచ్చి బాగుచెయ్యడానికి ఏడాది పైనే పట్టింది. డీజిల్ ఇంజను ఎక్కించి, ఎఫ్‌సీ తెచ్చుకున్నాం. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే పత్రం అది. గది విషయంలో మాత్రం ఏదీ మారకూడదని నా పట్టుదల. పుచ్చిన చెక్క బదులు అదే మందం టేకు వేశాను. కిటికీ రెక్కలకు పాత మరల గుంటల్లోనే కొత్త మరలు బిగించాను.

అమ్మకానికి పెడితే చూసేవాళ్ళకు కొదవ లేదు. పిల్లల్ని ఎక్కించి, పరుపు నొక్కి చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. పెళ్ళి ఊరేగింపుకు అద్దెకిస్తావా అని అడిగాడు ఒకాయన.

ఒక మధ్యాహ్నం మునెమ్మ వచ్చింది. పరదరామి మనిషి. ఇళ్ళు కట్టే కూలీల జట్టును నడుపుతుంది. చీర కుచ్చిళ్ళకు సిమెంటు ఎండి ఉంది. ఇత్తడి గొళ్ళేల వైపు చూడనైనా చూడకుండా జాకీ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అప్పా, ఈ రూము దించి పెడితే బండి మామూలు లారీ మాదిరి వాడుకోవచ్చా?"

"వాడుకోవచ్చమ్మా. ఇసక తోలుకో, ఇటుకలు తోలుకో."

"లోపల మనిషి పగలంతా ఉండొచ్చా? ఉడికిపోడు కదా?"

పైకప్పులోని గాలిమూత తెరిచి చూపించాను. లోపల ఎవరుంటారని అడిగాను.

"మా ఆయన," అంది. "కాట్పాడిలో సారం మీద నుంచి పడినాడప్పా." పరంజాను మావైపు సారం అంటారు. "వేలూరు పెద్దాసుపత్రిలో ప్రాణం నిలిపినారు. నడుము కింద మాత్రం ఆడదు. ఆయన జట్టునే ఇప్పుడు నేను చూసుకుంటా ఉండాను. ఊరూరా పని. ఇంటికి పోయేది ఎప్పుడో ఒగసారి. అన్నం పెట్టేదానికి మా వదినె ఉండాది. పని మాట్లాడేదానికే ఎవురూ లేరు. ముందంతా ఒక గోడ చూసినాడంటే గంట మాట్లాడేవోడు. ఇప్పుడు నేను పోతే అటు తిరిగి పనుకుంటాడు."

ఆయనకు చూపించకుండా కొనేది లేదంది. మరుసటి వారం నేనూ కరీం భాయ్ బండిని పరదరామికి తోలుకెళ్ళాం. ఆమె భర్త గోవిందప్ప పంచలో నులకమంచం మీద ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు గానీ చేతులు ఇంకా మేస్త్రీ చేతులే.

"ఏమిదంతా?" అన్నాడు.

"మనకేనయ్యా. నువ్వూ నాతోనే పనికాడికి వస్తావు," అంది మునెమ్మ.

"వేండాం," అన్నాడు తమిళంలో, మొహం తిప్పుకుని. "నన్ను పెట్టెలో పెట్టి ఊరూరా చూపిస్తావా?"

మునెమ్మ గొంతు పెంచలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుంది. "చూపించేదానికి కాదు. నాకు చేతకాలేదయ్యా. కావేరిపాక్కంలో కట్టిన గోడ వంకర పోయిందని పగలగొట్టించినారు. యాడ తప్పినానో ఎవురిని అడగాల నేను? ఒక్కసారి లోపలికి పోయి చూడు. నచ్చకపోతే బండి వాపసు పోతాది."

ఈసారి ఆయన వద్దనలేదు. బండిగది వాకిలి ఇరుకై మంచం పట్టలేదు. నేనూ కరీం భాయ్ చేతుల మీద ఎత్తుకుని లోపల పడుకోబెట్టాం. ఆయన అవమానంతో కళ్ళు మూసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక నేను కిటికీ గురించి మొదలుపెట్టాను. చెక్కంతా పాతదేననీ, రెక్కలు ఎంత మెత్తగా జరుగుతాయో చూడమనీ.

గోవిందప్ప కళ్ళు తెరిచి చూశాడు. "కిటికీ బాగుండాది నాయనా. పనుకున్నోడికి దాంట్లో ఏమి కనపడతాది?"

నేను వంగి, ఆయన భుజం పక్కన తల పెట్టి చూశాను. ఆకాశం, ఒక కొబ్బరి మట్ట కొస.

"పనికాడికి తీసకపోయి ఆకాశం చూపిస్తారా?" అన్నాడు.

అప్పుడు మునెమ్మ అడిగింది: "అయితే యాడికి దించాల?"

 ఆయన చెయ్యి గోడ మీదికి పోయింది. మెల్లగా కిందికి జారి పరుపు ఎత్తున ఆగింది. "ఈడికి," అన్నాడు. ఆ పైన నా వైపు తిరిగాడు. "ఇంత దించితే పక్కగోడ బలం పోతాదా?"

"పోతాదన్నా. కింద ఇంకొక పట్టె ఎయ్యాల."

"ఎయ్యి. వేసినాక చూస్తాను."

తిరిగొచ్చేటప్పుడు కరీం భాయ్ నన్ను ఊరుకోనివ్వలేదు. "ఏడాదంతా పాతది ఉన్నట్లనే ఉండాలన్నావే. ఇప్పుడు నువ్వే రంపం పెడతావా?" ఆ పక్కగోడే బండికంతటికీ అందం. మర్నాడు షెడ్డులో గది చుట్టూ తిరిగాను, వేరే పనేదో ముందేసుకున్నాను, మళ్ళీ వచ్చాను. చివరికి లోపలికెళ్ళి తలుపు వేసుకుని గోవిందప్ప పడుకున్నచోట పడుకున్నాను. బయట కరీం భాయ్ సుత్తి చప్పుడు, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న మాటలు. అంతా వినబడుతోంది, ఏదీ కనబడదు. కాసేపటికే ఉండబట్టలేక లేచి కూర్చుని, గోడ మీద పెన్సిలుతో గీత గీశాను.

ఆ పని అనుకున్నంత సులువు కాలేదు. వెయిస్ట్ రెయిల్ అని బాడీ నడుము చుట్టూ ఒక పట్టె ఉంటుంది; పక్కగోడ బరువంతా మోసేది అదే. దాన్ని కోసి, కింద మరొకటి అమర్చి, రెండింటినీ కలిపి బిగించాల్సి వచ్చింది. వాకిలి వెడల్పు చేసి, మంచం లోపలికి జరిపేందుకు నేల దాకా వాలే మడత పలక బిగించాం. కరీం భాయ్ సణుగుతూనే రేకు కొట్టాడు. పాత రేకు పక్కన కొత్తది మెరుస్తూ అతుకులాగే కనబడింది.

మళ్ళీ తోలుకెళ్ళినప్పుడు గోవిందప్పను మంచంతో సహా లోపలికి జరిపాం. కిటికీ అంచు పొడవునా చెయ్యి రాస్తూ పోయి, ఒకచోట ఆగి, "ఈడ చెక్క లేచింది, రుద్దు," అన్నాడు. తర్వాత బయటికి చూశాడు. వాకిట్లో ఇరుగుపొరుగు పిల్లలు, కట్టేసిన దూడ, మునెమ్మ. చాలాసేపు చూశాడు.

"తీసుకుంటాం," అన్నది ఆయనే.

కొన్ని నెలల తర్వాత జాకీ కాళ్ళకు గ్రీజు పెట్టిరావడానికి కావేరిపాక్కం వెళ్ళాను. పని జరిగే చోటు ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. రోడ్డు మీదికే కేకలు వినిపిస్తున్నాయి.

"ఆ మూల తూకంగుండు పెట్టి చూడు! వాలుండాది!"

"వాల్లేదు!" గోడ మీద నుంచి మునెమ్మ.

"పెట్టి చూడమంటా ఉండాను కదా!"

ఆమె దారానికి కట్టిన గుండు వేలాడదీసింది. గోడ నిట్టనిలువుగా ఉంది. జట్టంతా నవ్వింది. "అయితే సరి, కట్టు," అన్నాడు గోవిందప్ప కిటికీలోంచి, మోచేతి మీద ఆనుకుని, ఏమాత్రం తగ్గకుండా. నన్ను చూడగానే నా మీద పడ్డాడు. "వచ్చినావా నాయనా! వానొస్తే జల్లు మొగాన కొడతా ఉండాది. దీనికొక చిన్న చూరు పెట్టు."

ఆయన కాళ్ళు కదల్లేదు. నొప్పి ఎక్కువైన రోజు ఎవరితోనూ పలకడని మునెమ్మ చెప్పింది. టీ గ్లాసు నా చేతికిస్తూ, "మిగతా రోజులు ఈ అరుపులేనప్పా. జట్టోళ్లు చెవులు మూసుకుంటా ఉండారు," అంది. ఆ ఫిర్యాదు చెబుతున్నంతసేపూ ఆమె మొహం వెలిగిపోతూనే ఉంది.

బండి మొదట ఎలా ఉండేదో అలా నిలబెట్టడమే బాగుచెయ్యడమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ తర్వాత మందుల బండి కట్టాను, టిఫిన్ బండి కట్టాను, బడిపిల్లల వ్యాన్లు కట్టాను. ఎవరొచ్చినా టేపు తియ్యకముందే, దాంట్లో ఎక్కువసేపు ఉండేది ఎవరని అడుగుతాను. ఆ మనిషిని పిలిపించి, కూర్చోబెట్టో పడుకోబెట్టో, ఏం కనబడుతోందో చెప్పమంటాను. కొలతలు ఆ తర్వాతే.